లెక్కలు ఒక సబ్జెక్టుగా బీఏ చదివేదెట్లా?

డిగ్రీ ఫారం నింపే రోజున మా మేనమామ అడిగిన మాట ఇంకా చెవిలోనే ఉంది. "లెక్కలకు బీఏ ఏందిరా? బీఎస్సీ గదా ఉండాల్సింది!" అప్పుడు నోరు పెగల్లేదు. జవాబు తర్వాత దొరికింది. శ్రీనివాస రామానుజన్‌కు 1916లో కేంబ్రిడ్జి ఇచ్చిన పట్టా బీఏనే. అక్కడ మూడేళ్ళు లెక్కలు చదివిన వాళ్ళకు ఈనాటికీ ఇచ్చేది బీఏనే. పేరులో ఆర్ట్స్ ఉందని లెక్కలు పలచబడవు.

నేను ఎకనామిక్స్, మాథ్స్, స్టాటిస్టిక్స్ కలిపి బీఏ చదివాను. కందుకూరు నుంచి ఒంగోలుకు రోజూ బస్సు. ఆ మూడేళ్ళలో చేసిన తప్పులు, ఆలస్యంగా తెలిసిన సంగతులు కలిపి రాస్తున్నాను. ఇంటర్‌లో ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) చదివి ఇప్పుడు బీఏ వైపు చూస్తున్న పిల్లల కోసం ముఖ్యంగా.

చేరే ముందు: మెమోలో ఏ పేరు ఉంటుందో చూడండి

మా రోజుల్లో మూడు సబ్జెక్టులూ సమానం. 2023-24 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ఆకారం మారింది. ఒక మేజర్, రెండో సెమిస్టర్ నుంచి దానికి తోడు ఒక మైనర్ అన్నారు. అంటే ఎకనామిక్స్ మేజర్‌గా తీసుకుని లెక్కలు మైనర్‌గా చదవొచ్చు, తిరగేసీ చదవొచ్చు. మీరు చేరే ఏడాది నోటిఫికేషన్‌లో ఏముంటే మీకు అదే వర్తిస్తుంది. కాబట్టి ఓఏఎండీసీలో (డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పద్ధతి) వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి ఒకసారి స్వయంగా వెళ్ళండి. "లెక్కలు మైనర్‌గా ఉందా?" అని అడిగి ఊరుకోవద్దు. "పోయిన ఏడాది ఎంతమంది తీసుకున్నారు, ఎవరు చెప్పారు?" అని అడగండి. కాగితం మీద ఉన్న మైనరు వేరు, క్లాసు జరిగే మైనరు వేరు. నెల్లూరు వైపు కాలేజీలైతే కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం సిలబస్, ఒంగోలు వైపైతే ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం సిలబస్ దించుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఏది మేజర్ కావాలన్నది మూడేళ్ళ తర్వాత ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నారన్న దాన్నిబట్టి తేలాలి. ఎమ్మెస్సీ లెక్కలు చేయాలని ఉంటే లెక్కలే మేజర్. ఎంఏ ఎకనామిక్స్ అయితే ఎకనామిక్స్ మేజర్, లెక్కలు మైనర్ చక్కగా సరిపోతాయి. స్టాటిస్టిక్స్ దొరికితే వదలొద్దని నా గట్టి సలహా. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు, పీజీ అక్కర్లేదు. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కైతే ఎకనామిక్స్‌లో గానీ దాని దగ్గరి శాఖల్లో గానీ పీజీ ఉండాలి. ఈ తేడా నాకు డిగ్రీ చివరి ఏడాదిలో తెలిసింది. లెక్కల టీచరు కావాలనుకునేవాళ్ళు ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష) అర్హతల పట్టికలో మెథడాలజీ దగ్గర ఏ డిగ్రీ, ఏ సబ్జెక్టు రాశారో ఇప్పుడే చూసుకోండి.

కాలేజీకి రోజూ వెళ్ళడం కుదరని వాళ్ళకు ఇగ్నో బీఏ ఉంది. అందులో ఎంచుకునే రెండు ప్రధాన సబ్జెక్టుల్లో లెక్కలు ఒకటి కావచ్చు. కాల్క్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా అని నాలుగు పేపర్లు. ఆ పాఠాలు ఇగ్నో వాళ్ళ ఆన్‌లైన్ భాండాగారం ఈ-జ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెగ్యులర్‌గా చదివేవాళ్ళు కూడా వాటిని దించుకోవచ్చు. సొంతంగా చదువుకునేవాడి కోసం రాసినవి కాబట్టి మెట్టుమెట్టుగా ఉంటాయి.

వేసవి సెలవుల్లో: ఇంటర్‌లో బట్టీ కొట్టిన ఆ రెండు చాప్టర్లు

ఎంఈసీ పిల్లలకు ఒక బెంగ ఉంటుంది, ఎంపీసీ వాళ్ళ ముందు నిలవలేమని. మీరు చదివినవీ ఆ లెక్కలే, రాసినవీ ఆ పేపర్లే. ఇబ్బంది ఇద్దరికీ ఒకటే. ఇంటర్‌లో ఫంక్షన్స్, మాథమెటికల్ ఇండక్షన్ చాప్టర్లను ఏడు మార్కుల ప్రశ్న కోసం బట్టీ కొట్టి వదిలేశాం. "ఎఫ్, జీ బైజెక్షన్లయితే జీ-ఓ-ఎఫ్ కూడా బైజెక్షన్" అన్న సిద్ధాంతం కళ్ళు మూసుకుని రాసేవాళ్ళం, బైజెక్షన్ అంటే ఏమిటో (రెండు సమితుల్లోని వాటిని ఏదీ మిగలకుండా ఒకటికొకటిగా జతపరిచే ఫంక్షన్) కళ్ళు తెరిచి చెప్పలేకపోయేవాళ్ళం. డిగ్రీ లెక్కలు నిలబడేది సరిగ్గా ఆ రెండు చాప్టర్ల మీదే.

ఫంక్షన్‌ను తెలుగు అకాడమీ పుస్తకాలు ప్రమేయం అంటాయి. మా ఊరితోనే చెబుతాను. కందుకూరు మొదట నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కట్టినప్పుడు అందులోకి పోయింది, ఆ జిల్లాకే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరులోకి వచ్చింది. ఊరు కదలలేదు, జిల్లా మాత్రం కదులుతూనే ఉంది. ఇప్పుడు చూడండి: తేదీ చెబితే జిల్లా ఒక్కటే వస్తుంది. 1990 జనవరి 1 అంటే ప్రకాశం, అందులో రెండో మాట లేదు. అంటే జిల్లా తేదీకి ప్రమేయం. తిరగేసి "నెల్లూరు జిల్లాలో ఉన్న తేదీ ఏది?" అని అడిగితే? 1960 కూడా సరే, 2023 కూడా సరే. ఒకే జవాబు రాదు కాబట్టి ఈ ప్రమేయానికి విలోమం లేదు. ఇలాంటి ఉదాహరణలు మీ ఇంటి చుట్టూ ఒక పది వెతకండి. మనిషికి ఆధార్ నంబరు, బస్సుకు డ్రైవరు, సరుకుకు ధర: ఏది ప్రమేయం, దేనికి విలోమం ఉంది? సెలవుల్లో ఈ ఒక్క పని చేసినా మొదటి సెమిస్టర్ సగం తేలికవుతుంది.

దాంతోపాటు అసమానతలు, మాడ్యులస్ గుర్తు ఉన్న లెక్కలు ఒక యాభై చేయండి. ఇంటర్‌లో వీటిని ఎవరూ పట్టించుకోరు, అనాలిసిస్‌లో ప్రతి పేజీలోనూ అవే.

మొదటి సెమిస్టర్: లెక్క చేయడం కాదు, కారణం రాయడం

ఇక్కడ కాసేపు ఆగాలి. నేను బోల్తా పడింది ఇక్కడే కాబట్టి.

మొదటి ఇంటర్నల్‌లో గ్రూపుల మీద ఒక సిద్ధాంతం వచ్చింది. నాకు కామాలతో సహా నోటికి వచ్చు. రాశాను. సున్నా వచ్చింది. ప్రశ్నలో అక్షరాలు మార్చి ఇచ్చారు, నేను పాత అక్షరాలతోనే దంచేశాను. మా లెక్చరరు పేపరు చేతికిస్తూ, "లెక్క రాయమంటే పద్యం అప్పజెప్పావయ్యా" అన్నారు. క్లాసంతా నవ్వింది. నిజం చెప్పాలంటే పద్యానికీ అది అవమానమే. పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడంటే, ముందు ఆ లెక్క ఆయనకు అర్థమై ఉండాలి గదా.

ఆ సిద్ధాంతం ఎంత చిన్నదో చూడండి. గ్రూపులో, అంటే సమూహంలో (ఏ రెండు మూలకాలను కలిపినా మళ్ళీ అందులోనిదే వచ్చేటట్టు కొన్ని నియమాలతో కట్టిన సమితి), ఐడెంటిటీ ఒక్కటే ఉంటుందని చూపాలి. ఏ మూలకంతో కలిపినా దాన్ని దానిలాగే వదిలేసేది ఐడెంటిటీ. రెండున్నాయని అనుకుందాం, వాటిని రాముడు, సోముడు అందాం. రాముణ్ణి సోముడితో కలపండి. సోముడు ఐడెంటిటీ కాబట్టి రాముణ్ణి ముట్టుకోడు, ఫలితం రాముడు. రాముడూ ఐడెంటిటీయే కాబట్టి సోముణ్ణి ముట్టుకోడు, అదే ఫలితం సోముడు. ఒకే ఫలితానికి రెండు పేర్లు వచ్చాయంటే ఇద్దరూ ఒకడే. అయిపోయింది. నేను పేజీన్నర బట్టీ పట్టింది దీన్నే.

అందుకే ప్రతి ప్రూఫ్‌నూ ఈ పద్ధతిలో చదవండి:

1. ముందు వాక్యంలో ఏమిచ్చారు, ఏమి చూపమన్నారు అన్నది విడదీసి రెండు లైన్లలో సొంత మాటల్లో రాయండి. తెలుగులో రాసినా పరవాలేదు.
2. అందులో వచ్చిన ప్రతి పారిభాషిక పదం కిందా దాని నిర్వచనం రాయండి. చిన్న ప్రూఫుల్లో సగం పని ఇక్కడితోనే అయిపోతుంది.
3. పుస్తకంలోని ప్రూఫ్ చదివి, ప్రతి లైను పక్కన "ఎందుకు?" అన్నదానికి జవాబు రాయండి. జవాబు రాని లైను దగ్గర గీత పెట్టి క్లాసులో అడగండి.
4. పుస్తకం మూసి, అక్షరాలు మార్చి, మళ్ళీ రాయండి. చిక్కుకుంటే తెరిచి ఆ ఒక్క లైనే చూసి మళ్ళీ మూయండి.
5. ఇచ్చిన షరతుల్లో ఒకటి తీసేస్తే ఎక్కడ కూలుతుందో చూడండి. ఇది ఎవరూ చేయరు. చేసినవాళ్ళు మాత్రం ఆ ప్రూఫ్‌ను మళ్ళీ మరచిపోరు.

ఆర్ట్స్ పిల్లలకు ఇక్కడ ఒక మొగ్గు ఉంది. ప్రూఫ్ అంటే చిన్న వ్యాసమే. "కాబట్టి", "అయితే", "ఒకవేళ" అన్న మాటలు ఎక్కడ పడాలో తెలిసినవాడికి అది త్వరగా పట్టుబడుతుంది. సమానం గుర్తులు వరసగా కిందికి పేర్చడమే లెక్క అనుకునేవాడు ఇబ్బంది పడతాడు.

అవధి: బేరం ఆడండి

రియల్ అనాలిసిస్‌లో ఎప్సిలాన్ దగ్గర చాలామంది చేతులెత్తేస్తారు. నేను దాన్ని బేరంలా అర్థం చేసుకున్నాను.

1, 1/2, 1/3, 1/4... ఈ అనుక్రమం సున్నాకు పోతుందని, అంటే దీని అవధి సున్నా అని నేనంటాను. ఎదుటివాడు నమ్మడు. "సున్నాకు 0.01 కంటే దగ్గరికి రావాలి" అంటాడు. "101వ పదం నుంచి చూసుకో, అన్నీ లోపలే" అంటాను. "చాలదు, 0.001." "1001వ పదం నుంచి." వాడు ఎంత చిన్న అంకె అడిగినా నా దగ్గర జవాబుండాలి, నేను చెప్పిన చోటు దాటాక ఒక్క పదం కూడా బయటికి పోకూడదు. వాడు చెప్పేది ఎప్సిలాన్, నేను చెప్పేది ఎన్. ముందు మాట్లాడేది వాడు. ఈ వరస తిరగబడితే అర్థమే మారిపోతుంది. నేనే ముందు ఎన్ చెప్పేసి "నువ్వు ఏ ఎప్సిలాన్ అడిగినా ఇదే సరిపోతుంది" అంటే, అక్కడి నుంచి పదాలన్నీ అచ్చంగా సున్నాలే అయి ఉండాలి. పరీక్షల్లో "ఫర్ ఎవ్రీ", "దేర్ ఎగ్జిస్ట్స్" మాటలు తారుమారు చేసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు చేసే తప్పు ఇదే.

ఇప్పుడు 1, -1, 1, -1... తీసుకుని ఇది 1కి పోతుందని బేరానికి కూర్చోండి. వాడు 0.5 అనగానే మీరు లేచి వచ్చేయాలి.

నిర్వచనాలను తెలుగు మాటతో ఒకసారి తాకితే లాభం. కంటిన్యుటీ అంటే నోరు తిరుగుతుంది గానీ బొమ్మ రాదు. అవిచ్ఛిన్నత అంటే తెగిపోనిదని తెలిసిపోతుంది. సీక్వెన్స్, సిరీస్ ఇంగ్లీషులో కలగాపులగం అవుతాయి, అనుక్రమం, శ్రేణి అనుకుంటే విడివిడిగా నిలుస్తాయి. పరీక్ష ఇంగ్లీషులో రాసేవాళ్ళు కూడా బుర్రలో తెలుగుమాట పెట్టుకోవచ్చు, ఎవరూ చూడరు.

రెండు సబ్జెక్టులనూ ఒకే నోటుపుస్తకంలోకి తెచ్చుకోవడం

జమిలి డిగ్రీలో జనం చేసే పెద్ద పొరపాటు సోమవారం ఎకనామిక్స్ మనిషిగా, మంగళవారం లెక్కల మనిషిగా బతకడం. నేను రెండో ఏడాది దాకా అట్లాగే బతికాను.

గిరాకీ రేఖతో మొదలుపెట్టండి. పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయలకు గిరాకీ: అమ్ముడయ్యే బస్తాలు = 100 - 2 × ధర అనుకుందాం (అంకెలు నేను వేసుకున్నవి). లెక్కల ప్రకారం ధర స్వతంత్ర చలరాశి, అడ్డంగా ఉండాలి. ఎకనామిక్స్ పుస్తకంలో ధర నిలువు అక్షం మీద ఉంటుంది. ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ కాలం నుంచి వచ్చిన అలవాటు అది. అంటే వాళ్ళు గీసేది విలోమ ప్రమేయాన్ని: ధర = 50 - బస్తాలు/2. లెక్కల్లో వాలు -2, బొమ్మలో వాలు -1/2. ఈ సంగతి ఎవరూ చెప్పక నేను ఎలాస్టిసిటీ (ధర మారితే గిరాకీ ఎంత మారుతుందన్న) లెక్కలన్నీ తలకిందులుగా చేశాను.

తర్వాత లగ్రాంజ్ గుణకం, అంటే ఒక పరిమితికి లోబడి గరిష్ఠం వెతికేటప్పుడు వచ్చే లాంబ్డా. కాల్క్యులస్‌లో దాన్ని యంత్రంలా నేర్పుతారు, ఎకనామిక్స్‌లో పేరు చెప్పి దాటేస్తారు. హాస్టల్ పిల్లవాడి జేబులో 100 రూపాయలు. ఇడ్లీ 5, టీ 10. తృప్తి = ఇడ్లీలు × టీలు అనుకుందాం. లెక్క చేస్తే 10 ఇడ్లీలు, 5 టీలు వస్తాయి, తృప్తి 50, లాంబ్డా 1. (పూటకు ఐదు టీలు తాగేవాణ్ణి నేను చూశాను, అందుకని ఈ జవాబు నాకు వింతగా లేదు.) ఇంతకీ ఆ లాంబ్డా ఏమిటి? జేబులో ఇంకో రూపాయి వేసి లెక్క మళ్ళీ చేయండి. 101 రూపాయలకు తృప్తి 51.005. పెరిగింది దాదాపు 1. అంటే చివరి రూపాయి విలువే లాంబ్డా. ఇది తెలిసిన రోజున నాకు రెండు సబ్జెక్టుల మధ్య గోడ కూలినట్టయింది.

స్టాటిస్టిక్స్‌కైతే మన సముద్రతీరమే ప్రయోగశాల. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర "కౌంట్" అన్న మాట వినే ఉంటారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అది కౌంట్. ఒక గుంటలో 50 కౌంట్, ఇంకో గుంటలో 100 కౌంట్. సగటు ఎంత? అందరూ 75 అంటారు. రెండింటి నుంచీ కిలో కిలో తీసుకుంటే 150 రొయ్యలు, 2 కిలోలు, 75 సరే. కానీ రెండింటి నుంచీ వంద వంద రొయ్యలు తీసుకుంటే? మొదటివి 2 కిలోలు, రెండోవి 1 కిలో. 200 రొయ్యలు 3 కిలోలు, అంటే కౌంట్ 66.67. పుస్తకంలో హరాత్మక మధ్యమం (హార్మోనిక్ మీన్) అని సూత్రంగా చదివి పారేసింది ఇదే. కౌంట్ మారితే ధర మారుతుంది కాబట్టి ఈ తేడా రైతుకు డబ్బు. ఏ సగటు ఎప్పుడు వాడాలో అడిగే ప్రశ్నకు నేను రాసిన మొదటి మంచి జవాబు ఇదే, పాఠ్యపుస్తకంలో లేదు.

వారం ఎట్లా గడపాలి

లెక్కలు రోజూ గంట. ఆదివారం ఏడు గంటలు కూర్చుంటే ఆ ఏడూ కలిపినా రోజుకో గంటకు సాటి రావు. చిక్కుపడ్డ లెక్క రాత్రి నిద్రలో నానాలి. ఎకనామిక్స్ అట్లా కాదు, పొడుగ్గా కూర్చుని చదివితేనే వాదన పట్టుబడుతుంది. దానికి శని, ఆదివారాలు పెట్టుకోండి.

బస్సులో లెక్కలు చేయలేం, ఒప్పుకుందాం. నిర్వచనాలు మాత్రం బస్సుకు సరిగ్గా సరిపోతాయి. చిన్న నోటుబుక్కులో ఎడమ పేజీలో నిర్వచనం, కుడి పేజీలో దానికి సరిపోయేది ఒకటి, సరిపోనిది ఒకటి. సరిపోని ఉదాహరణే ముఖ్యం. ఇంకో పుస్తకం మీ తప్పులకు. పరీక్ష ముందు రోజు నేను చదివింది ఆ తప్పుల పుస్తకం ఒక్కటే.

ఇద్దరు ముగ్గురు కలిసి చదవండి, అంతకు మించితే అది కబుర్ల సభ. ఒకరు బోర్డు దగ్గర నిలబడాలి, మిగతావాళ్ళు ప్రతి లైనుకూ "ఎందుకు?" అనాలి. మా ముగ్గురిలో బాగా వచ్చినవాడు మా అందరికంటే నెమ్మదైనవాడు, ఎందుకంటే వాడే ఎక్కువసార్లు అడిగాడు. క్లాసు సరిగ్గా జరగని పేపరుంటే ఆన్‌లైన్‌లో స్వయం, ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు చూడండి, పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని.

లెక్కలంటే ప్రేమ ఎక్కువై మిగతావి వదిలేసేవాళ్ళకు ఒక మాట. రామానుజన్ చేసిందీ అదే. కుంభకోణంలో స్కాలర్‌షిప్ పోయింది, మద్రాసులోనూ ఎఫ్‌ఏ (ఆనాటి ఇంటర్ లాంటిది) గట్టెక్కలేదు. 1910లో నోటుపుస్తకం చంకన పెట్టుకుని ఆయన ఆశ్రయించింది మన నెల్లూరు కలెక్టరు రామచంద్రరావునే. ఆయన లెక్కల మనిషి కాబట్టి ఆ పుస్తకం విలువ గుర్తించి నెలకు 25 రూపాయలు ఇస్తూ వచ్చాడు. మనం రామానుజన్‌లమూ కాదు, ఇప్పటి కలెక్టర్లు గ్రీవెన్స్ రోజున లెక్కల నోట్సు చూడరు. ఇంగ్లీషు పేపరు పాసవండి.

పరీక్షలో

పెద్దగా చెప్పేదేం లేదు. ప్రూఫ్ రాకపోయినా నిర్వచనాలు, సిద్ధాంత వాక్యం శుభ్రంగా రాయండి, వాటికి మార్కులుంటాయి. మధ్యలో ఒక మెట్టు తెలియకపోతే దాన్ని కప్పిపుచ్చే "క్లియర్లీ" రాయొద్దు, దిద్దేవాళ్ళ కన్ను మొదట పడేది అక్కడే. ఎకనామిక్స్ పేపరులో బొమ్మ వేసినప్పుడు పక్కన సమీకరణం కూడా ఒక లైను రాయండి. మూడొందల పేపర్లు దిద్దే మనిషికి అది కనిపిస్తుంది.

మూడేళ్ళూ దాచుకోవాల్సిన కాగితాలు

ప్రతి సెమిస్టర్ చివరా ఆ సెమిస్టర్ సిలబస్‌ను ప్రింటు తీసి కాలేజీ ముద్ర వేయించి ఫైల్లో పెట్టుకోండి. పీజీ ప్రవేశంలోనో ఉద్యోగ పరిశీలనలోనో "డిగ్రీలో లెక్కలు ఎన్ని పేపర్లు చదివావు, ఏం చదివావు?" అని అడిగితే బీఏ అన్న రెండక్షరాలు జవాబు చెప్పవు, ఆ కాగితాలే చెబుతాయి. నేను అవి లేక ఒక పీజీ సీటు దగ్గర రెండు వారాలు తిరిగాను. కాలేజీ ఆఫీసుకు మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్ళకండి, పదిన్నరకు వెళ్తే పని అవుతుంది.